మోంటెరాస్కో చావు తలుపు

నేను ఒక తలుపును. ఇటలీలో మోంటెరాస్కో అనే కొండకొమ్ము ఊళ్ళో, ఒక రాతి ఇంటి గోడలో, వీధికి నిలువెత్తు పైన ఉంటాను. ఒకసారికి ఒక్క మనిషే పట్టేంత సన్నం. నెత్తిన మొనదేలిన రాతి కమాను. నన్ను చేసిన కాలంలో పక్క బురుజువాళ్ళకీ మా ఇంటివాళ్ళకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. పొద్దు వాలగానే ఇంటిల్లిపాదీ నిచ్చెనెక్కి నాలోంచి లోపలికొచ్చి, నిచ్చెన పైకి లాగేసుకునేవారు. అంటే నేను పుట్టింది మనుషుల ప్రాణాలు కాపాడడానికి. ఈ మాట మీరైనా గుర్తుపెట్టుకోండి, ఊళ్ళో ఒక్కరికీ గుర్తులేదు.

కొట్లాటలు చల్లారాయి. కింద వీధి మట్టానికి పెద్ద తలుపు పెట్టారు. నా నిచ్చెన పొయ్యిలోకి పోయింది. తర్వాత మహమ్మారి వచ్చిన ఏడు, లోపలి ఇరుకు మెట్ల మలుపులో శవపేటిక తిరక్కపోతే, తాళ్ళు కట్టి నాలోంచి దించారు. అంతే, నా పేరు చావు తలుపైపోయింది. ఉన్ని వర్తకుల నుంచి చెప్పులు కుట్టేవాళ్ళ దాకా ఇల్లు ఎన్ని చేతులు మారినా ఆ పేరు మారలేదు. శవాన్ని కాళ్ళు ముందుగా నాలోంచి తీసుకెళ్ళాలట, వెంటనే నన్ను మూసెయ్యాలట, బతికున్నవాళ్ళు దాటితే ఏడాది తిరక్కుండా పోతారట. వింటూ నిర్ఘాంతపోయాను. తలుపు మాట ఎవరు వింటారు?

చివరికి ఇల్లు ఎర్సీలియా అనే ముసలావిడకి మిగిలింది. ఆమె భర్త దుయీలియో నాలోంచే వెళ్ళాడు. అప్పటి నుంచి ఆమె నా దరిదాపుల్లో కుర్చీ కూడా వేసుకోలేదు.

ఒక ఉదయం ఆమె మేడమీద పప్పు ఏరుకుంటుంటే భూకంపం వచ్చి కొండంతా కదిలింది. మెట్లు కూలిపోయాయి. పెద్ద తలుపు రాళ్ళ కింద పడింది. పైకప్పు దూలం కిర్రుమంటూ దిగుతోంది. ఎదురింటి రొట్టెల కొట్టు నజరేనో పరుగున వచ్చి, నాకు నిచ్చెన ఆనించి, నన్ను తోసి తెరిచాడు. ఎన్ని వందల ఏళ్ళకి నిచ్చెన! నా చెక్కంతా ఝల్లుమంది.

"పిన్నీ, తొందరగా రా. దూలం దిగుతోంది."

"ఆ తలుపులోంచా? నేనింకా చావలేదురా."

"అక్కడే ఉంటే చస్తావు."

"చస్తే మంచంమీద చస్తాను. దుయీలియో పోయిన దారిన నడిచి రాను."

నెత్తిమీద కప్పు కూలుతోంటే, ఆమె నన్ను చూసి భయపడుతోంది!

నజరేనో మొహం తుడుచుకున్నాడు. "శవం కాళ్ళు ముందుగా పోతుంది కదా పిన్నీ. నువ్వు తల ముందు పెట్టి రా. అప్పుడది లెక్కలోకి రాదు."

ఆమె ఆలోచించింది. సున్నం రాలుతుంటే నిలబడి, నిజంగానే ఆలోచించింది. తర్వాత బోర్లా పడుకుని తల ముందు పెట్టి పాకింది. నజరేనో ఆమెని పిండి బస్తాలా భుజాన వేసుకున్నాడు. దాటేటప్పుడు ఆమె నా అంచు గట్టిగా పట్టుకుంది. శవాలు ఎప్పుడూ నన్ను పట్టుకోలేదు. ఆ చేతి వేడికి నాకు ఏడుపొచ్చింది. వాళ్ళు నేల మీద కాలు పెట్టారో లేదో, కప్పు కూలింది.

ఇల్లు బాగుచేశారు. మెట్లు వెడల్పుగా కట్టారు. ఏడాది తిరిగింది, ఎర్సీలియా పోలేదు. ఇంకా చాలా ఏళ్ళు, పొద్దున్నే నన్ను తెరిచి నా పక్కనే కూర్చుని పప్పు ఏరుకుంది.

ఆఖరి జబ్బులో నజరేనో చెయ్యి పట్టుకుని చెప్పింది: "నన్ను కింది తలుపులోంచి తీసుకెళ్ళు నాయనా. పైది బతికేవాళ్ళది."

ఊరంతా మరిచిపోయిన ఆ సంగతి ఆమెకి ఎవరు చెప్పారు? నేనైతే చెప్పలేదు.

ఆమెని కిందనుంచే తీసుకెళ్ళారు. ఆ రోజు నన్ను మూయడానికి ఎవరూ రాలేదు.