అత్తయ్య ఎడమ చెయ్యి

మా అత్తయ్య ఎడమ మణికట్టుకు సబ్బు తగిలి ముప్పై ఏళ్లయింది. స్నానం చేసినా అక్కడ ఉత్త నీళ్లే పోసుకుంటుంది. ఆ చేత్తో ఉల్లిపాయ ముట్టుకోదు. తాళంచెవి కూడా పట్టుకోదు, ఇనుము వాసన అంటుకుంటుందని. వాచీ ఎప్పుడూ కుడిచేతికే. కోడలిగా వచ్చిన కొత్తలో ఇదంతా చూసి ఈవిడకేదో పట్టింపు కాబోలు అనుకున్నాను. ఆ చెయ్యి ఆవిడది కాదనీ దుకాణానిదనీ తర్వాత తెలిసింది.

మాది అత్తరు దుకాణం. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో కలపడం, మధ్యలో ఒక తెర. పువ్వుల నూనెలు, చందనం నూనె, వేర్ల నూనెలు డబ్బాల్లో వస్తాయి. వాటిని పాళ్లు చూసి కలిపి, చిటికెన వేలంత సీసాల్లో పోసి అమ్ముతాం. మొత్తం తొమ్మిది రకాలు. వాటికి పేర్లు పెట్టే ఓపిక పోయిన మా మామగారికి లేకపోయింది కాబట్టి నంబర్లతోనే పిలుస్తాం. అన్నిటికంటే బాగా పోయేది నాలుగో నంబరు. పైన మల్లె, మధ్యలో చందనం, అడుగున కాస్త వట్టివేరు.

నూనె ప్రతిసారీ ఒకేలా రాదు. ఒక డబ్బాలో చందనం చిక్కగా ఉంటే ఇంకో డబ్బాలో నీరసంగా ఉంటుంది. అందుకే కొత్త డబ్బా విప్పినప్పుడల్లా పాళ్లు మార్చుకోవాలి. సీసా మూత తీసి వాసన చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, అది నమ్మకూడదు. ఒంటి మీద వేసి చూడాలి. అత్తయ్య ఎడమ మణికట్టు మీద ఒక చుక్క వేసుకుంటుంది. రుద్దదు, రుద్దితే వాసన నలిగిపోతుందంటుంది. వెంటనే ఒకసారి, పావుగంటకి ఒకసారి, మళ్లీ గంటకి ఒకసారి వాసన చూసి, "మల్లె రెండు చుక్కలు తగ్గించు", "వేరు ఒకటి వెయ్యి" అని చెబుతుంది. నేను కలుపుతాను. పన్నెండేళ్లుగా ఇదే మా పని.

నాకు నోరెక్కువని మా ఆయన అంటాడు. నిజమే, కాదనను. కానీ ఈ వ్యవహారంలో తప్పు జరిగింది నేను నోరు పారేసుకున్నందుకు కాదు. నోరు మూసుకున్నందుకు.

పోయిన ఏడాది అత్తయ్యకి జబ్బు చేసింది. నెలన్నర మంచం మీద ఉంది. లేచాక మనిషి సగమైంది, చేతులు ఎండిపోయి చర్మం కాగితంలా తయారైంది. అయినా నడవగలిగిన రోజునే దుకాణానికి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. అప్పుడే కొత్త డబ్బాలు వచ్చాయి. నాలుగో నంబరు కలిపి చేతి మీద వేశాను. పావుగంటకి వాసన చూసుకుని, "మల్లె ఏదీ? ఇంకో నాలుగు వెయ్యి" అంది. వేశాను. "ఊహూ, ఇంకో మూడు." వేశాను. గంటయ్యాక, "చందనం నిలవడం లేదే, అదీ పెంచు" అంది. పెంచాను. చెప్పింది చెయ్యడమే కదా కోడలి పని.

నెల తిరక్కుండా లెక్కల టీచరమ్మ వచ్చింది. ఈ వీధి చివర బడిలో చెబుతుంది, పదేళ్లుగా నాలుగో నంబరు తప్ప ఇంకోటి ముట్టుకోని మనిషి. ఆ వేళ అత్తయ్య ఇంట్లో ఉంది. టీచరమ్మ సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏమనుకోకండి. ఇది నేను కొనేది కాదు."

"అదేనండీ, నాలుగో నంబరే" అన్నాను.

"అయితే నాలుగో నంబరుకి పూనకం వచ్చినట్టుంది. నేను క్లాసులోకి వెళ్తే పిల్లలు లేచి కిటికీలు తెరుస్తున్నారు."

నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. ఒక చుక్క నా చేతి మీద వేసుకున్నాను. పావుగంటలో తలనొప్పి పట్టుకుంది. పక్క దుకాణం టైలరు దగ్గరికి వెళ్లి, ఆయన్ని బతిమాలి ఆయన చేతి మీదా వేశాను. "అమ్మా, ఇది వేసుకుని నేను ఇంటికెళితే మా ఆవిడ లోపలికి రానివ్వదు" అన్నాడు.

సాయంత్రం అత్తయ్య వచ్చాక, ఏమీ తెలియనట్టు అదే సీసాలోంచి ఆవిడ చేతి మీద చుక్క వేశాను. కాసేపాగి వంగి వాసన చూశాను. చక్కగా ఉంది. మల్లె మల్లెలా, చందనం చందనంలా, నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఎలా ఉండేదో అలాగే ఉంది.

అప్పటికి నా మట్టిబుర్రకి తట్టింది. ఎండిన చర్మం నూనెని తాగేస్తోంది. ఆ చేతికి సరిపోయేలా కలిపితే మిగిలిన లోకానికంతటికీ ఎక్కువైపోతోంది. మేమేమో ముప్పై ఏళ్లుగా ఆ ఒక్క చేతినే తక్కెడగా పెట్టుకుని కూర్చున్నాం. ఇంకో చేతి మీద వేసి చూడాలని ఈ ఇంట్లో ఒక్కరికీ ఎన్నడూ తోచలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకి గుసగుసగా చెప్పాను. మా ఆయన గోడ మీద పిల్లి. "అమ్మకి చెప్పకు. ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతోంది. పాము చావాలి, కర్ర విరగకూడదు, ఏదో ఒకటి నువ్వే చూడు" అన్నాడు. పాము ఎవరో కర్ర ఎవరో ఆయనే చెప్పాలి.

నిజం చెప్పాలంటే, ఆయన అడ్డం పడకపోయినా నేను చెప్పి ఉండేదాన్ని కాదు. మామగారు పోయాక ఆవిడకి మిగిలింది ఆ కుర్చీ, ఆ చెయ్యి. డాక్టరు ఇంట్లోనే ఉండమన్నా, "నేను లేకపోతే పాళ్లు ఎవరు చూస్తారు?" అని లేచి వచ్చిన మనిషి. ఆ చెయ్యి పనికిరాదంటే ఆవిడే పనికిరాదని చెప్పినట్టు అనుకున్నాను. చెబితే మంచం పట్టి మళ్లీ లేవదని నా భయం. మా అమ్మ నాకు చిన్నప్పుడే పోయింది, నన్ను తిట్టి బాగుచేసింది ఈవిడే. పోగొట్టుకోవడం నా వల్ల కాదు.

అందుకని ఒక నాటకం మొదలుపెట్టాను. కలిపే రోజున అత్తయ్య మామూలుగానే కుర్చీలో కూర్చుని చెయ్యి చాపేది. నేను చుక్క వేసి, ఆవిడ చెప్పిన పాళ్లన్నీ కాగితం మీద రాసుకుని, బుద్ధిగా తలాడించేదాన్ని. ఆ లెక్కన ఒక్క సీసా కలిపి ఆవిడ ముందు పెట్టేదాన్ని. తర్వాత తెర వెనక్కి వెళ్లి, జబ్బుకి ముందు ఆవిడ చెప్పిన పాళ్లు రాసుకున్న పుస్తకం తీసి, వాటితో అమ్మకం సరుకంతా కలిపేదాన్ని.

టీచరమ్మ మళ్లీ వచ్చింది. కొత్త సీసా వాసన చూసి, "ఇది పర్వాలేదు" అంది. కిటికీలు తెరవాల్సిన పని లేకుండా పోయిందని నేను సంతోషించాను. పర్వాలేదు అన్న మాట ఆవిడ పదేళ్లలో ఎప్పుడూ అనలేదని మాత్రం గమనించలేదు.

ఇలా ఆరు నెలలు గడిచాయి. అత్తయ్య ఒంటికి కాస్త కండ పట్టింది కానీ చేతులు మాత్రం అలాగే ఉండిపోయాయి. మధ్యాహ్నాలు కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్లతో, "జబ్బు పడ్డా నా చెయ్యి పాడవలేదమ్మా, దేవుడి దయ" అనేది. నేను సీసాలు తుడుస్తూ తల ఎత్తకుండా ఉండేదాన్ని. మొదట్లో ఆ మాట వింటే తృప్తిగా ఉండేది. పోనుపోను వినలేకపోయేదాన్ని.

ఒకరోజు మూతలు తేవడానికి నాలుగు వీధుల అవతలికి వెళ్లాను. తిరిగొచ్చి గుమ్మంలో అడుగుపెట్టేసరికి, బల్ల మీద మూడు చేతులు వరసగా చాపి ఉన్నాయి. ఒకటి టీచరమ్మది. ఒకటి చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచిన టైలరుది. మూడోది అత్తయ్యది. బల్ల మీద రెండు సీసాలు మూతలు తీసి ఉన్నాయి. ఒకటి కలిపే రోజున ఆవిడ ముందు నేను పెట్టే సీసా, ఇంకోటి టీచరమ్మ బ్యాగులోంచి తీసింది.

జరిగింది ఇంతే. టీచరమ్మ అటుగా పోతూ పలకరించడానికి లోపలికి వచ్చింది. మాటల్లో తన సీసా తీస్తే, అత్తయ్య సరదాగా ఒక చుక్క తన చేతి మీద వేసుకుంది. పావుగంటయ్యేసరికి ఆవిడ చేతి మీద ఏమీ మిగల్లేదు. అప్పుడు తన ముందున్న సీసా తీసి టీచరమ్మ చేతి మీద వేసింది, టీచరమ్మ మొహం తిప్పుకుంది. అనుమానం తీరక టైలర్ని పిలిపించి, ఆయన చేతి మీద రెండూ ఎడంగా వేసి చూసింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే ఆవిడకి అంతా తెలిసిపోయింది.

నేను తేలు కుట్టిన దొంగలా గుమ్మంలో నిలబడ్డాను. టీచరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, బడికి వేళయిందని లేచింది. టైలరు చొక్కా చెయ్యి దించుకుంటూ వెళ్లిపోయాడు. అత్తయ్య రెండు సీసాలకీ మూతలు పెట్టింది.

"ఎన్నాళ్లనించి?" అంది.

"ఆరు నెలలు అత్తయ్యా."

"వాడికి తెలుసా?"

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు బాధపడతారని."

బయట ఎవరో సైకిల్ స్టాండు వేస్తున్న చప్పుడు వినబడింది.

"చెబితే ఒక్కరోజు బాధపడేదాన్ని. మర్నాడు పనిలో పడేదాన్ని. ఆర్నెల్లు నన్ను ఈ కుర్చీలో బొమ్మలా కూచోబెట్టావు. వచ్చినవాళ్లందరికీ నా చెయ్యి గొప్ప నేనే చెప్పుకున్నాను, నువ్వు వింటూ సీసాలు తుడిచావు."

ఏడుపొచ్చింది కానీ, ఏడిస్తే అదీ ఆవిడ మీద రుద్దినట్టే అవుతుందని ఆపుకున్నాను.

"ముసలిదైంది చెయ్యమ్మా" అంది, గొంతు పెంచకుండానే. "ముక్కు కాదు. నువ్వు రెండిటినీ కలిపి మూటకట్టేశావు."

ఆ మాట తిన్నగా వచ్చి తగిలింది. ఆర్నెల్లలో ఒక్కసారైనా నాకీ సంగతి తట్టలేదు. చెయ్యి పోతే ఇంకో చెయ్యి పెట్టవచ్చు. అంతే పని. ఆవిడ పరువు కాపాడుతున్నానని మురిసిపోతూ ఆవిడ పనే లాగేసుకున్నాను.

"ఇలా కూచో" అంది. కూచున్నాను. "చెయ్యి చాపు."

చాపాను. నేను అమ్ముతున్న సీసాలోంచి ఒక చుక్క నా మణికట్టు మీద వేసింది. గోడ గడియారం వంక చూసింది. పావుగంట సేపు ఇద్దరం అలాగే కూర్చున్నాం. ఒకాయన వచ్చి ఏడో నంబరు అడిగితే, "కాసేపాగి రండి నాయనా" అని పంపేసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. కళ్లు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు.

"ఇది ఏ పాళ్లు?"

"పాత పుస్తకంలోవి అత్తయ్యా. జబ్బుకి ముందు మీరు చెప్పినవే."

"అవి అప్పటి డబ్బాలకి. ఈ ఏటి చందనం చిక్కన. మల్లెని అణగదొక్కేస్తోంది, తెలియడం లేదూ? మూడు చుక్కలు తగ్గించాలి."

లేచి వెళ్లి మూడు చుక్కలు తగ్గించి కలిపి తెచ్చాను. ఈసారి నా రెండో చేతి మీద వేసింది. మళ్లీ పావుగంట. నేనూ వంగి వాసన చూశాను. ముందు మల్లె వచ్చింది, దాని వెనకే తొందర లేకుండా చందనం. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా చంటిపిల్లకి కూడా తెలుస్తుంది. ఆరు నెలలపాటు నేను ఊరందరికీ తప్పు సరుకే అమ్మాను. నా ఎదురుగా కూర్చున్న మనిషిని ఒక్కమాట అడిగి ఉంటే మొదటి రోజునే సరిపోయేది.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు. ఆ లెక్కన ఏమైనా అంటుందేమోనని చూశాను. అనలేదు. మిగతా నంబర్ల సీసాలు కూడా ఒక్కొక్కటే తెచ్చి వరసగా పెట్టమంది. టైలర్ని మళ్లీ పిలవమంది, రెండు చేతులు చాలవని.

"తప్పు చేశాను అత్తయ్యా" అన్నాను. ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది, భుజాలు కదిలాయి.

"చెయ్యి కదపకు" అంది ఆవిడ, నా మణికట్టు మీదికి వంగుతూ. "ఇంకా గంట కాలేదు."