ఎడమ చెవిలో దూది

వీధి తలుపు గడియ ఇంకా పూర్తిగా తీయకముందే ఆయన మాటలు మొదలయ్యేవి. కత్తెరలు, కత్తులు, రంపాలు సానబెట్టడం ఆయన పని. ఇంటి ముందు గదే దుకాణం. ఊళ్లో అందరూ వసపిట్ట అనేవారు, మొహం మీదే అనేవారు, ఆయనకు కోపమూ వచ్చేది కాదు. కత్తెర పట్టుకొచ్చిన దర్జీతో మాట్లాడేవాడు. దర్జీ వెళ్లిపోతే కత్తెరతో మాట్లాడేవాడు. నిద్రలో కూడా ఎవరితోనో బేరమాడుతుంటారని భార్య చెప్పుకుని నవ్వేది.

ఈ వాగుడు వల్ల అందరికంటే ఎక్కువ నలిగిపోయింది అత్తగారు. ఎందుకంటే ఆవిడకు కుడి చెవి ఇవాళ్టిది, ఎడమ చెవి రేపటిది. ఇవాళ పది గంటలకు ఎడమ చెవి ఒగ్గితే, రేపు పది గంటలకు ఆ ఇంట్లో అయ్యే చప్పుళ్లు వినపడేవి. పుట్టుకతోనే అంత. ఇస్త్రీ చేసే పక్కింటామె రోజూ పదకొండింటికి గోడవతల నుంచి, రేపు వానుందా పెద్దమ్మా అని అడిగేది. ఈవిడ చెవిలో దూది తీసి, రేకుల మీద చినుకుల చప్పుడు ఉందో లేదో విని చెప్పి, మళ్లీ దూది పెట్టేసుకునేది. ఆ దూది అల్లుడి పుణ్యమే. అతని మాటలు ఒకసారి వినడానికే ఓపిక చాలడం లేదు, ముందురోజు కూడా దేనికి నాయనా అనేది.

ఒక్క సంగతి మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. ఆ చెవిలో పడ్డ చప్పుడు అయి తీరుతుంది. ఒకసారి గాజుగ్లాసు పగిలిన చప్పుడు వినపడిందని కూతురు గ్లాసులన్నీ గుడ్డల్లో చుట్టి పెట్టెలో పెట్టి తాళం వేసి అటకెక్కించింది. మర్నాడు చెప్పిన వేళకి ఆ పెట్టే అటక మీద నుంచి పడింది.

ఇక అసలు సంగతికి వస్తే, మూతబడ్డ వర్క్‌షాపు సామాన్లు అమ్ముతుంటే మన వసపిట్ట ఒక పాత గ్రైండర్ కొనుక్కొచ్చాడు. మధ్యలో మోటారు, అటొకటి ఇటొకటి సానరాళ్లు, బల్లకి బిగించుకునే రకం. రాళ్లు రెండూ విప్పి, ఒక్కోదాన్నీ వేలికి తగిలించి స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూశాడు. రెండూ గుడిగంటల్లా ఖణేల్‌మన్నాయి. పగులున్న రాయి అలా మోగదు, కుండపెంకులా టప్‌మంటుంది. అంచేత రాళ్లు మళ్లీ బిగించేసి, వాటి సంగతి అక్కడితో మర్చిపోయాడు. లోపమల్లా బేరింగుల్లో ఉంది. స్విచ్ వేస్తే మిషను కంకర నములుతున్నట్టు గొణిగేది, బల్ల మీద మేకులు వణికేవి.

కొత్త బేరింగులు తెచ్చి మర్నాడు పొద్దున్నే విప్పడానికి కూర్చున్నాడు. కుడి వైపు నట్టు మర్యాదగా వచ్చింది. ఎడమది మొండికేసింది. పానా వేసి, పానా మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేశాడు, దాన్ని తిడుతూ, దాని కథంతా చెబుతూ. అయిదో దెబ్బకి చెయ్యెత్తి అప్పుడు నాలిక కరుచుకున్నాడు. ఎడమ వైపు నట్టు మర తిరగేసి ఉంటుంది కదా. విప్పుతున్నాననుకుని ఇంతసేపూ బిగిస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడు చేయాల్సిన తప్పు కాదది. మాటల్లో పడితే అంతే. అటు తిప్పితే ఇట్టే వచ్చేసింది. ఎవరూ చూడలేదు గదా అని సంబరపడి మోటారు మూత తీశాడు.

సరిగ్గా అప్పుడు పదకొండయింది. పక్కింటామె వానుందా అంది. గుమ్మంలో బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు దూది తీసింది. కాసేపు విని, వాన లేదమ్మా అంది. దూది మళ్లీ పెట్టుకోలేదు.

అది ఆయన గమనించలేదు. పుల్లర్ కొక్కేలు తగిలించి పాత బేరింగులు లాగాడు. చెవి దగ్గర పెట్టుకుని తిప్పితే గరగర, లోపల గ్రీజు నల్లటి మైనంలా ఎండిపోయింది. భోజనానికి లేచినప్పుడు చూశాడు. దూది ఇంకా గడప మీదే ఉంది. ఆవిడ తల ఒక పక్కకి వాల్చి కూర్చుంది. ఒలిచిన గింజలు తొక్కల్లోనూ, తొక్కలు గిన్నెలోనూ పడుతున్నాయి.

"ఏం వినపడింది అత్తయ్యా?"

ఆవిడ గిన్నె పక్కన పెట్టింది. అప్పుడు చెప్పింది. మిషను తిరుగుతోందట. గొణుగుడు లేదు, తేనెటీగలా సన్నగా పాడుతోందట. ఆ తర్వాత ఫెడేలుమని చప్పుడు. ఏదో విరిగింది. తర్వాత అమ్మాయి ఏమండీ అని మూడుసార్లు పిలిచింది.

"నేనేమన్నాను?"

"నువ్వేమీ అనలేదు నాయనా. అందుకే ఇంకా వింటున్నాను."

ఆయన గొంతు వినపడని గంట ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. కంచం ముందు కూర్చున్నా అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మూడు గంటలకు ఆవిడ మళ్లీ చెప్పింది. జనం వచ్చారు, అడుగుల చప్పుడు. అమ్మాయి ఏడుస్తోంది. ఒక్క మాట మాట్లాడండి, ఒక్క మాట, అంటోంది. అలా ఎవరిని పట్టుకుని ఏడుస్తారో ముగ్గురికీ తెలుసు.

ఆ దరిద్రాన్ని ఇప్పుడే తీసి కాలవలో పారేద్దామంది భార్య. పారేస్తే? ఆయనకి పెట్టెలో పెట్టిన గ్లాసులు గుర్తొచ్చాయి. మిషను ఎలాగూ తిరుగుతుంది. నేను తప్పుకుంటే దాని ముందు నిలబడేది ఎవరు? ఈవిడేనా, అత్తయ్యేనా? ఆ ఆలోచన రాగానే మళ్లీ మిషను ముందు కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన బేరింగులు ఎక్కించినంత శ్రద్ధగా పసిపిల్లకి స్నానం కూడా ఎవరూ చేయించి ఉండరు. షాఫ్టు తుడిచాడు, మళ్లీ తుడిచాడు. బయటి రింగు మీద కొడితే గుండ్లకి సొట్టలు పడతాయి కాబట్టి, లోపలి రింగుకి సరిపోయే గొట్టం ముక్క ఆనించి మెల్లిగా తట్టాడు. చేత్తో తిప్పితే చప్పుడే లేదు. అత్తగారి వైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇంకా నీ గొంతు లేదు. మొత్తం విప్పి మళ్లీ బిగించాడు. మళ్లీ చూశాడు. లేదు.

పొద్దు వాలేటప్పుడు, ఇక చూడ్డానికి ఏమీ మిగలక, రాళ్లు వేలికి తగిలించి తట్టాడు. కుడి రాయి ఖణేల్‌మంది. ఎడమ రాయి టప్‌మంది.

పొద్దున తను వేసిన నాలుగు దెబ్బలూ ఒకేసారి వీపు మీద పడ్డట్టయింది. కిరోసిన్ పూసి తుడిస్తే తడి గీత ఒకటి, తలవెంట్రుక మందాన, నడిమి కన్నం నుంచి అంచు దాకా కనిపించింది.

"దొరికిందిగా, పగలగొట్టి పారేయండి," అంది భార్య.

ఆయన ఆ రాయి ఒళ్లో పెట్టుకుని ఆలోచించాడు. ఇది పారేసి కొత్తది వేస్తే ఆ ఫెడేలు ఇంకెక్కడో దాక్కుంటుంది, ఎక్కడో తెలీదు. ఇక్కడుంటే కనీసం దాని మొహం తెలుసు.

"దీన్నే బిగిస్తాను," అన్నాడు. "చప్పుడు దీనికిచ్చేద్దాం."

ఆ గొంతు సంగతో మరి, అని ముగ్గురి కళ్లలోనూ ఉంది. దానికి జవాబు ఏ పానాతోనూ విప్పేది కాదు. పడుకోబోయే ముందు అత్తగారు చివరిసారి విని, లేదు నాయనా అంది.

మర్నాడు పగిలిన రాయిని ఎడమ వైపు బిగించాడు, మర ఎటు తిరుగుతుందో పైకి చెప్పుకుంటూ. రాళ్ల మీద తొడుగులు వేశాడు. మిషను చుట్టూ పాత ఇనప పీపా చీల్చిన రేకు నిలబెట్టాడు. దాని ముందు తను కూర్చునే ముక్కాలిపీట మాత్రం కదపడం మర్చిపోయాడు. స్విచ్ వైరు గోడ కన్నంలోంచి పెరట్లోకి లాగాడు. భార్యనీ అత్తగారినీ పక్కింట్లో కూర్చోబెట్టాడు. పోయే ముందు భార్యకి, ఉప్పు డబ్బా వెనక ఇంకో తాళంచెవి ఉంది, రంపాలకి తుప్పు పట్టనివ్వకు, అని ఏవేవో చెప్పాడు. ఆవిడ వద్దంటున్నా చెప్పాడు. పదకొండు లోపల చెప్పగలిగినవన్నీ చెప్పేశాడు.

పదకొండుకి గోడకి వీపు ఆనించి స్విచ్ నొక్కాడు.

మిషను పాడింది. అంత సన్నటి పాట. భయంలో కూడా ఆయన పెదవులు కదిలాయి, బాగుందే అందామని. ఆ మాట నోట్లో ఉండగానే ఫెడేలుమంది. గోడ వీపుని తన్నింది. స్విచ్ కట్టేశాడు. దుమ్ము సర్దుకున్నాక కన్నంలోంచి చూస్తే, రేకు చీల్చుకుని పోయిన రాయి ముక్కల్లో ఒకటి పీటని రెండు చేసింది, ఇంకోటి కూర్చున్న మనిషి రొమ్ము ఎత్తున ఎదుటి గోడలో దిగబడి ఉంది.

"ఏమండీ?"

పక్కింటి గుమ్మంలోంచి భార్య.

"ఏమండీ? ఏమండీ?"

ఉన్నానే అందామని నోరు తెరిచాడు. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. గొంతు సవరించుకున్నాడు. సవరింపు కూడా రాలేదు.

ఆవిడ పరిగెత్తుకొచ్చి, ఒళ్లంతా తడిమి, ఒక్క గాటు లేదని చూసుకుంది. వీధంతా వచ్చింది. దర్జీ నీళ్లిచ్చాడు, డాక్టరు గొంతులో లైటు వేసి చూసి, అంతా బాగానే ఉంది, బెదురు, ఎన్నాళ్లో చెప్పలేనన్నాడు. మూడు గంటలకు భార్య ఆయన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది.

"ఒక్క మాట మాట్లాడండి. ఒక్క మాట."

అత్తగారు నిన్న ఏ ఏడుపు విందో అదే ఏడుపు, అక్షరం తేడా లేదు. ప్రాణం దక్కింది కదా అని సంతోషించాల్సినవాడికి ఒళ్లు చల్లబడింది. మాటలు లేని తను ఎవరో ఆయనకే తెలీదు. కత్తెర చేతిలోకి తీసుకున్నాడు. దానితో చెప్పడానికీ ఏమీ లేదు.

దీపాల వేళ ఆయన వెళ్లి అత్తగారి ముందు నేల మీద కూర్చున్నాడు. నిన్నటి నుంచి విని విని అలిసిపోయి, పొద్దున్నే దూది కుక్కుకుందావిడ. ఆయన తన గొంతు చూపించాడు, తర్వాత ఆవిడ ఎడమ చెవి చూపించాడు. భార్య దీపం పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది.

ఆవిడకీ భయమే. దూది కొస పట్టుకుని కాసేపు అలాగే ఉంది. తర్వాత తీసింది. తల వాల్చింది. కళ్లు మూసుకుంది. గదిలో దీపం చిటపట తప్ప ఏమీ లేదు.

మెల్లిగా ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. మొహం చిట్లించింది. చేతిలో దూది ఉండ వంక ఒకసారి చూసుకుని, అది చాలదన్నట్టు పెదవి విరిచింది.

"అమ్మాయ్," అంది, "ఇంకాస్త దూది ఇలా పట్టుకురా."