లోపలి గడియ

కళ్యాణిది ఒంటిచేతి స్నానం. ఒక చెయ్యి చెంబుకు, ఒక చెయ్యి తలుపుకు. బాత్రూం గడియ ఊడి ఏండ్లయింది. బిగించమని అడిగినప్పుడల్లా భర్త శ్రీధర్‌ది ఒకటే మాట: "ఇంట్ల ఉన్నది మనమే గదా, గడియ ఎవరి కోసం?" ఆయన అంగీ ఎక్కడుందని అడగాలన్నా, అత్త బాలికి సబ్బు కావాలన్నా తలుపు తోసుడే.

భద్రాచలంలో ఆ ఇంటి మేడమీద రెండు గదులున్నయి. గుడికొచ్చేటోళ్లకు రోజు కిరాయికిస్తమని ఫోన్ యాప్‌లో పెట్టిండ్రు. ఊడ్చేది, దుప్పట్లు ఉతికేది, మెసేజ్‌లకు జవాబిచ్చేది కళ్యాణి. యజమాని పేరు శ్రీధర్. మొదటి ఫోటో కూడా ఆయనదే, కొత్త గేటు మీద చెయ్యేసి పెండ్లికొడుకు లెక్క. గదులు మాత్రం ఖాళీ.

"దసరా దాకా చూస్త. నిండకపోతే మా దోస్తు రవీందర్‌కు సిమెంట్ బస్తాలు పెట్టుకోనిస్త," అన్నడు శ్రీధర్.

ఆ గదులు పోతే కళ్యాణికి మిగిలేది వండుడు, తోముడు. వాటిని పని అని ఎవడన్నడు ఇన్నేండ్లల్ల?

కూర పొయ్యి మీద పెట్టి యాప్‌లో లెక్కల పేజీ తెరిచేది. "ఫోన్ల పడి కూర మాడగొట్టకు," అనేది బాలి. కూర మాడలే గానీ సంగతి తేటపడ్డది. తమ గదుల పేజీ తెరిచి చూసేటోళ్లకు కొదవ లేదు, గది తీసుకునేటోళ్లే లేరు. అడిగి వెళ్లిపోయినోళ్ల మెసేజ్‌లన్నీ మళ్లీ చదివింది. గేటు సంగతి ఒక్కరూ అడగలే. అడిగింది ఎక్కువ ఆడోళ్లే. బాత్రూం గదిలోపలే ఉందా? తలుపుకు గడియ పడుతదా? గోదాట్ల మునిగి, తోడొచ్చినామె చీర అడ్డం పడితే వణుక్కుంట బట్టలు మార్చుకునే మనిషికి నీ గేటెందుకయ్యా?

మేడమీది బాత్రూం తలుపు, మెరిసే గడియ, రెండు బకెట్లు, బట్టలు తగిలించే కొక్కెం. అదీ కొత్త మొదటి ఫోటో. గేటూ మొగుడూ చివరికి పోయిండ్రు.

"దేవుడి ఊర్ల బాత్రూం ఫోటోనా? నా ఇజ్జత్ ఏం గావాలె?"

"ఒక్క వారం ఆగు. లెక్క మారకుంటే నీ గేటే పెడత."

మారింది. ముందు శని, ఆదివారాలు నిండినయి, తర్వాత అన్ని రోజులూ. దసరా రాకముందే గది దొరకదనే పేరొచ్చింది. శ్రీధర్ కాలు మీద కాలేసుకుని రవీందర్‌కు చెప్తున్నడు: "డేటా చూడాలె బై, డేటా." చాయ్ అందిస్తున్న కళ్యాణికి నవ్వొచ్చింది. చెప్పుకోనీ. గదులైతే మిగిలినయి.

తెల్లారి ఆమె పిలిస్తే వడ్రంగి పోతయ్య వచ్చిండు. శ్రీధర్ మెట్ల దిక్కు చెయ్యి చూపించిండు.

"పైన కాదు, కిందనే," అన్నది కళ్యాణి.

"కిందనా? ఉన్నది మనమే గదా, గడియ ఎవరి కోసం?"

"మీ కోసమే."

పోతయ్య తల వంచుకుని సంచిలో స్క్రూలు వెతికిండు. వాకిట్ల నుంచి బాలి గొంతు: "గట్టిగ బిగియ్యి పోతయ్యా. నేను గూడ స్నానం చేసేదాన్నే."

ఆ పొద్దు కళ్యాణి రెండు చేతులతోటి నీళ్లు పోసుకుంది.