వంత వాయించే క్లారినెట్

క్లారినెట్ రీడు నాలుక మీద పెట్టుకుంటే ముందు ఉప్పు తగులుతుంది.

తర్వాతే రెల్లు రుచి.

సముద్రం ఇక్కడికి కనిపించదు. సరుగుడు తోపు అవతల ఉంది. గాలికి తోపు ఒక అడ్డమా... ఆ ఉప్పు అన్నిట్లోకీ వచ్చేస్తుంది. అన్నంలోకి, జడలోకి, క్లారినెట్ లోకి.

రొయ్యల గుంట గట్టు మీద నిలబడి ఊదుతాను. గుంటలో చక్రాలు తిరుగుతూ నీళ్ళను చరుస్తుంటాయి. రొయ్యలకు గాలి కావాలి.

నాకూ కావాలి.

ఎల్లుండి చెన్నైలో ఆడిషన్.

జాజ్.

ఆ మాట ఇంట్లో చెప్పిన రోజు నాన్న డ్రమ్ము తాళ్ళు బిగిస్తున్నాడు. మా నాన్న పేరు సమాధానం. మా బ్యాండు పేరూ అదే. గూడూరు నుంచి వాకాడు దాకా పెళ్ళికీ మేమే, చావుకీ మేమే.

"జాజంటే ఏందమ్మే అబిగయీలూ?"

"తెలిసిన పాటను తెలియనట్టు వాయించేది నాన్నా."

"అది మన పోలేరయ్య దినామూ చేసేదే గదా!"

పోలేరయ్య మా సాక్సోఫోన్. ఏ పాట ఎత్తుకున్నా సగం వీధి దాటేసరికి ఇంకో పాటలో తేలతాడు. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

నవ్వు సరే. నా ఇబ్బంది వేరు.

నేను వంత వాయించినదాన్ని.

బ్యాండులో ముందు ట్రంపెట్ అంటుంది. వెనక క్లారినెట్ అంటుంది. ట్రంపెట్ ఒక వరుస వాయించి ఆగుతుంది — ఆ సందులో నేను. నేను ఆగుతాను — ఆ సందులో అతను. ఎన్ని ఊళ్ళ వీధులు అలాగే నడిచామో. ముందు అతను, ఒక్క అడుగు వెనక నేను.

అతను బెన్హర్. వరసకు బావ.

వరసకే.

బ్యాండువాళ్ళింట్లో పెళ్ళయితే బ్యాండువాళ్ళు డబ్బు తీసుకోరు. పెళ్ళికొడుకే బ్యాండువాడయితే ఆ పూట వాయించడు. బెన్హర్ బావ పెళ్ళికి మేమంతా ఊరికే వాయించాం. చర్చి నుంచి ఇంటిదాకా ఊరేగింపు. ట్రంపెట్ దండేసుకుని కారులో కూర్చుంది. నేను నా వంత నేను వాయించాను.

ఎవరూ అడగని మాటకు జవాబు చెప్పుకుంటూ నడిచాను.

కుర్రకారు గంతులేస్తూనే ఉన్నారు. ఎవరికీ తేడా తెలియలేదు. కారు కిటికీలోంచి చూశాను. పెళ్ళికూతురి చేతిమీద అతని చెయ్యి. ఆ చేతి మూడు వేళ్ళు మాత్రం ట్రంపెట్ మీటలు నొక్కుతున్నాయి. వరుస తప్పకుండా. నా వంతకు ముందు ట్రంపెట్ ఏమనాలో అదే అంటున్నాయి.

ఆ రోజు ఏడుపు రాలేదు. క్లారినెట్ నోట్లో ఉండగా ఏడవడం కుదరదు.

పెళ్ళయ్యాక అతను బ్యాండు మానేశాడు. రొయ్యల మేత వేన్ నడుపుతున్నాడు. పెళ్ళిళ్ళకు ఇప్పుడు డీజే బండ్లు వస్తున్నాయి. మాకు చావులు మిగిలాయి.

నాయుడుపేటలో ఒక పెద్దాయన చావుకు వెళ్ళినప్పుడు నన్ను ముఖేష్ గారు విన్నారు. చెన్నైలో ఆయనకు జాజ్ గ్రూపు ఉంది, కీబోర్డు వాయిస్తారు. వాళ్ళకు క్లారినెట్ కావాలి. ఫోనుకు ఒక పాట పంపారు. మొదట పాటను ఉన్నదున్నట్టు వాయించాలి. తర్వాత నా సొంతం. ఎవరూ నేర్పనిది, అప్పటికప్పుడు.

ఆ పాటను బస్సులో విన్నాను, వంటింట్లో విన్నాను, సమాధుల దగ్గర బ్యాండు విప్పి కూర్చున్నప్పుడు విన్నాను. అందులో ఒక క్లారినెట్ ఎవరి వెనకా నడవదు. తనకు తోచిన సందులోకి తిరుగుతుంది. దారి తప్పుతుంది. తప్పినందుకు సంతోషపడుతుంది.

నాకు అలా తప్పిపోవాలని ఉంది. అంత ఆశ నాకు దేనిమీదా లేదు...

ఒక్కదానిమీద తప్ప.

వాయించి పంపాను. ముఖేష్ గారు ఫోన్ చేశారు.

"బాగా వాయించారండీ. కానీ వరుసకొకసారి ఆగిపోతున్నారు. పక్కన ఇంకెవరైనా ఉన్నారా? రికార్డింగులో పడలేదా?"

ఉన్నారండీ. పడలేదండీ.

అనలేదు. "రీడు బాగాలేదండీ" అన్నాను. ఆడలేక మద్దెల ఓడు.

"ఆడిషన్లో అలా ఆగితే మావాళ్ళు ఒప్పుకోరండీ" అన్నారు.

ఆగకూడదనే వాయించాను. పొద్దున వాయించాను, సాయంత్రం వాయించాను. ఆ చోటికి రాగానే నోరు దానంతటదే ఊరుకునేది. ఎదురుచూసేది. చక్రాలు నీళ్ళను చరుస్తూనే ఉండేవి. సరుగుడు తోపు హోరుమంటూనే ఉండేది. రావలసిన ఒక్కటీ రాదు.

చివరికి సిగ్గు విడిచి వాళ్ళింటికే వెళ్ళాను.

"ఒక్కసారి నాతో వాయిస్తావా బావా? ఈసారి నేను ముందు."

అతను నోరు తెరిచేలోపే అతని భార్య సామ్రాజ్యం అంది — "పోయి రా. పాపం, పిల్ల అంత దూరం పోతా ఉండాది."

ట్రంపెట్ ను అటక మీదనుంచి ఆమే దించింది. కొంగుతో తుడిచి ఇచ్చింది. ఆమె మీద కోపం తెచ్చుకోవాలని చాలాసార్లు చూశాను. ఆ మనిషి సాగనివ్వదు.

ఇవాళ సాయంత్రం వచ్చాడు. వేన్ గట్టు కింద ఆపి, చొక్కా చేతులు మడుచుకుని, నాకు ఒక్క అడుగు వెనక నిలబడ్డాడు.

"ఎత్తుకో" అన్నాడు. "నీ ఎనకే వస్తా."

ఎన్నేళ్ళు ఆ మాట కోసం...

ఎత్తుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. అతని ఊపిరి వినిపిస్తోంది. మనిషి పక్కనే ఉన్నాక ఇంక ఎదురుచూసేదేముంది — చెప్పాల్సిందే ఉంది. చెప్పాను. కారు కిటికీ చెప్పాను. వీధులు చెప్పాను. నాకే తెలియని సందుల్లోకి తిరిగాను, తప్పిపోయాను, ఇంకా లోపలికి పోయాను.

ఊపిరి అయిపోయాక కళ్ళు తెరిచాను.

అతని ట్రంపెట్ పెదవి దాకా వచ్చి అక్కడే ఆగి ఉంది. అతను ఒక్క స్వరమూ వాయించలేదు.

"ఏం బావా, రాలేదేం?"

"యాడ వచ్చేదమ్మే?" నవ్వాడు. కళ్ళల్లో ఎంత సంతోషమో. "నువ్వు సందు ఇస్తేగదా!"

ట్రంపెట్ ను గుడ్డలో చుట్టుకున్నాడు. నెత్తిన చెయ్యేశాడు. "పో. నిన్ను తీసుకోకుండా ఎవుడుంటాడో నేనూ చూస్తా."

గట్టు దిగి వెళ్ళిపోయాడు. ఇంకోసారి బావా, ఈసారి ఆగుతాను, అనేలోపే వేన్ కదిలింది.

నాకు సంతోషంగా ఉండాలి. ఉంది కూడా. కానీ ఆ సందు ఒక్కటే కదా నా దగ్గర అతనికని ఉన్నది...

మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను. వరుస చివర ఆగాలని చూశాను.

వేళ్ళు ఆగలేదు.