నాలుగో నెలలో నాటిన చెరుకు

శారమ్మ ఆ దరఖాస్తు ఫారం నా బల్ల మీద పెట్టినప్పుడు నేను దాన్ని పూర్తిగా చదవకుండానే కాదన్నాను. కంప్యూటర్ శాస్త్రంలో పట్టా చదువుకు ఎక్కడో దూరాన ఉన్న ఒక విశ్వవిద్యాలయం పంపిన ఫారం అది. గణితం చెప్పిన గురువు సిఫారసు లేఖ దానికి జత చేయాలి. డిసెంబరు ఇరవయ్యో తేదీలోగా టపాలో పడాలి. ఆ గురువును నేనే. నిజామాబాదు కాలేజీలో పద్నాలుగేళ్ళు పనిచేసి, ఉద్యోగం వదులుకొని, బోధన్‌లో ఈ రెండు గదులలో పుస్తకాల మధ్య స్థిరపడిన తరువాత నేను పాఠం చెప్పింది ఆమె ఒక్కతెకే. ఐదేళ్ళుగా ప్రతి ఆదివారం, చర్చి విడిచాక, నోటుబుక్కు పట్టుకొని వచ్చేది.

"ఇది ఏం విద్య?" అన్నాను. "దీని వయసు నీ వయసంత కూడా ఉండదు. పదేళ్ళు పోతే ఆ యంత్రాన్ని పాతసామాన్ల వాడు తూకం వేసి కొనుక్కుంటాడు. నీ పట్టానూ అదే తక్కెడలో వేస్తాడు. రేఖాగణితాన్ని ఇంతవరకు ఎవడైనా పాతసామాన్లకు వేశాడా?"

"రేఖాగణితం ముసల్ది సార్, గదెటు పోతది? నేను పోయొచ్చేదాంక గీణ్నే కూసోని ఉంటది."

ఆ జవాబుకు నవ్వు రావలసింది, కోపం వచ్చింది. ఆమెను ఎమ్మెస్సీ గణితానికి పంపాలని మూడేళ్ళుగా అనుకుంటున్నాను. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే ఈ ఫారం తెచ్చింది.

ఈ విషయంలో నాకు తోడుగా నిలిచినవాడు, నేను ఎన్నడూ ఊహించనివాడు, ఆమె తండ్రి జయరాజ్. రుద్రూర్ బాటలోని చక్కెర మిల్లులో అతను చెరుకు సెక్షన్ గుమాస్తా. ఏ రైతు తోట ఏ రోజున నరకాలో వరుస కట్టి, చీటీలు పంపడం అతని పని. నాటిన తేదీ, నేల రకం, కాలువ నీటి వంతు, అన్నీ అతని తలలో ఉండేవి. ఆ సంవత్సరం, అంటే 1974లో, మిల్లువారు ఆ వరుస కట్టే పనిని హైదరాబాదులోని ఒక యంత్రానికి అప్పగించారు. జయరాజ్ రాసిన రుద్రూర్ రిజిస్టరూ, మరో కుర్ర గుమాస్తా రాసిన వర్ని రిజిస్టరూ రైలెక్కి పోయి, రంధ్రాల కార్డులుగా మారి, యంత్రంలో పడి, ఒక పొడుగాటి కాగితపు జాబితాగా తిరిగి వచ్చాయి. ఆ జాబితాను అమలు జరపడానికి ఒక యువ అధికారి కూడా వచ్చాడు.

"నా పని గా డబ్బకిచ్చిండ్రు సార్," అన్నాడు జయరాజ్ ఒకనాడు నా వాకిట్లో నిలబడి. "ఇగ నా బిడ్డ పోయి గా డబ్బ కొలువుల చేరుతదట. చెట్టును నరికే గొడ్డలికి కామ చెట్టే ఇచ్చినట్టు. మీరు మాత్రం రాయకుండ్రి."

రాయనని మాట ఇచ్చాను.

డిసెంబరు పదిహేడు ఉదయం శారమ్మ మళ్ళీ వచ్చి ఫారం ముందు కూర్చున్నది. నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. అరగంట తరువాత జయరాజ్ వచ్చాడు. చంకలో ఎర్రబట్ట అట్ట రిజిస్టరు, చేతిలో యంత్రపు జాబితా నకలు. వెనుక రుద్రూర్ రైతు ముత్తన్న. జయరాజ్ ముఖంలో అంత సంతోషం నేను అంతకు ముందు చూడలేదు.

"సూడుండ్రి సార్, మిషిను బుద్ధి! ముత్తన్నా, చెప్పవయ్యా."

"ఏం చెప్పాలె?" అన్నాడు ముత్తన్న తలపాగ విప్పి దులుపుతూ. "జనవరిల నాటిన తోట నాది. పూత గూడ లేచింది. ఇయ్యాల్నో రేపో కత్తి పెట్టాలె. నాకు మార్చిల నరుకుమని చీటి వచ్చింది. మార్చికి నా చెరుకు బెండు పడ్తది, పంతులుగారూ, పొయ్యిల పెట్టడానికి పనికొస్తది. వర్ని కాల్వ కింద ఫిబ్రవరిల నాటిన పచ్చి చెరుకును ముందుగాల నరుకుతుండ్రు. నములుతె గడ్డి నమిలినట్టుంటది!"

"మావోళ్ళ తోటలన్ని ఎనుకకే పడ్డయ్," అన్నాడు జయరాజ్. "ఒక్కటి కాదు, రెండు కాదు, రుద్రూర్ అంతా. ఇగ చదువుతవా బిడ్డా గది? గీ బుద్ధిలేని డబ్బ చదువు?"

నేను పుస్తకం మూశాను. నాలో కలిగినది సంతోషమేనని ఒప్పుకుంటాను. "విన్నావు కదా," అన్నాను. "చెరుకు నమిలి చూస్తే తెలిసేది ఈ యంత్రానికి తెలియలేదు. నీ ఫారం నువ్వు తీసుకుపో."

శారమ్మ ఫారం ముట్టుకోలేదు. జాబితా తన ముందుకు లాక్కొని, వేలుతో ఒక్కొక్క వరుస మీదుగా పోయింది. చివరి వరుస దాకా పోయి, తండ్రి వైపు చెయ్యి చాచింది.

"బాపూ, రిజిస్టరియ్యి."

"ఎందుకు?"

"ఇయ్యి."

ముత్తన్న పేరున్న పుట తీసింది. "పన్నెండు, నాలుగు. నాలుగంటే ఏం నెల బాపూ?"

"నాలుగంటే ఇస్ఫందార్."

"ఇస్ఫందార్ అంటే?"

"ఏం అడుగుడు? ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్. ఫస్లీ లెక్క. జనవరి వచ్చినట్టే..." జయరాజ్ ఆగిపోయాడు.

అతను నిజాం కాలపు ఉర్దూ బడిలో చదువుకున్నవాడు. ఆ బడిలో నేర్పిన ఫస్లీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేది, దాని నాలుగో నెల ఇస్ఫందార్ మన జనవరి. నెల పేరు పొడుగని అంకె మాత్రమే వేయడం అతని అలవాటు. సెక్షన్‌లో అందరికీ ఆ సంగతి తెలుసు కనుక ఎన్నడూ ఇబ్బంది రాలేదు. హైదరాబాదులో కార్డులకు రంధ్రాలు పొడిచినవారికి నాలుగు అంటే ఏప్రిల్. రుద్రూర్ తోటలన్నీ ఒక్కసారిగా మూడు నెలలు చిన్నవైపోయాయి.

ముందుగా నవ్వింది ముత్తన్న. "నిజాము పోయి పాతికేండ్లు దాటె! జయరాజన్న నెలలు ఇంక పోకపాయె! ఓ అన్నా, నా తోటను నువ్వే కదనే ఎండవెట్టింది!"

"నేనా?" జయరాజ్ మెడ ఎర్రబడింది. "పద్దెనిమిదేండ్లు గిట్లనే రాసిన. ఏ నాడన్న నీ తోట ఎండిందా? అడిగితే చెప్పకపోదునా? ఎవడడిగిండు? రిజిస్టర్లు మూటగట్టి పట్కపోయిండ్రు, మనిషినొక్క మాట అడగలె!" అప్పుడు కూతురి వైపు తిరిగాడు. "గందరి ముందల్నే అడగాల్నా? ఇంటికొచ్చి అడిగితే కాదా?"

శారమ్మ కళ్ళు తుడుచుకున్నది గాని పుట మీది వేలు తీయలేదు. "ఇంటికొచ్చేదాంక ముత్తన్న మామ చెరుకు ఆగదు బాపూ."

నేను పట్టు వదలలేదు. వాదనలో నాకు దొరికిన పైచేయిని వదులుకోవడం నా స్వభావంలో లేదు. "తప్పు పట్టుకున్నావు, మంచిది," అన్నాను. "ఏ పట్టాతో పట్టుకున్నావు? దేనితోనూ కాదు. మీ నాన్న నెలలు తెలియడం వల్ల పట్టుకున్నావు. ఆ విశ్వవిద్యాలయం నీకు ఇస్ఫందార్ నేర్పుతుందా?"

ఆమె మరునాడు తండ్రితో మిల్లుకు పోయి, అధికారికి ఈ సంగతి చెప్పి వస్తానన్నది. ఆ మాత్రానికి పట్టా అక్కరలేదని నేనూ అన్నాను.

పంతొమ్మిదో తేదీ పొద్దున జయరాజ్ ఒక్కడే వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"పోయినం సార్," అన్నాడు. "గా ఆఫీసరు లోపటికి రానియ్యలె. దర్వాజ కాడ్నే నిలవెట్టి అడిగిండు. నువ్వేం చదివినవని నన్నడిగిండు. ఉర్దూల ఎన్మిదో తరగతన్న. నవ్విండు. బిడ్డనడిగిండు, నువ్వు కంప్యూటర్ చదివినవా అని. లేదన్నది. మరి నాకు కంప్యూటర్ గురించి చెప్తవా అన్నడు. యంత్రం లెక్క తప్పదట. తప్పలె సారూ, యంత్రం తప్పలె, నెల తప్పింది అని గీ పోరి నెత్తి నోరు కొట్టుకున్నది. రిజిస్టరు తెరిచి చూపెట్టింది. ఆయన చూడలె. తలుపు దగ్గరికేసుకున్నడు."

"మరి ముత్తన్న?"

"గానుగకు తోల్తుండు. బెల్లం చేసుకుంటడట. అందరికి గానుగలున్నయా సార్?"

"జయరాజ్," అన్నాను, "ఆ అధికారి దగ్గర ఉన్నది నీ కూతురు కోరుతున్న పట్టాయే. అది అతన్ని ఏం చేసిందో నీ కళ్ళతో చూశావు. చూసి కూడా..."

"చూసినంకనే వచ్చిన. అది ఖరాబు చదువే. నేనిప్పుడూ గదే అంటున్న. గా చదువు ఉన్నోనికి నా నెల తెల్వదు, అడుగుదామని సోయి గూడ లేదు. నెల తెల్సిన నా బిడ్డను దర్వాజ కాడ నిలవెట్టిండ్రు." అతను ఫారం వైపు చూశాడు, అది రెండు రోజులుగా బల్ల మీదనే ఉన్నది. "రాయుండ్రి సార్. మల్ల ఎవడన్న నా బిడ్డను ఏం చదివినవని అడిగితె, ఆమె నోరు మూసుకునే పని ఉండొద్దు."

నేను కలం తీశాను. ఆ విద్య మీద నా అభిప్రాయం ఆ రోజు మారలేదు, ఈనాటికీ మారలేదు. గణితాన్ని వదిలి ఆమె ఒక యంత్రం దగ్గర కాపలా ఉండబోతున్నదనే నా నమ్మకం. అయినా ఆ తలుపుకు జవాబుగా నా షెల్ఫుల్లో ఉన్న ఏ పుస్తకమూ నాకు కనిపించలేదు. లేఖ నాలుగు వాక్యాలు. ఈ శాస్త్రాన్ని నేను సిఫారసు చేయడం లేదు, ఈ విద్యార్థిని సిఫారసు చేస్తున్నాను అని మొదటి వాక్యంలోనే రాశాను. మిగిలిన మూడింటిలో ఆమె గురించి నాకు నిజంగా తెలిసినది రాశాను.

సంతకం చేసి, కింద తేదీ వేయబోతున్నాను. జయరాజ్ బల్ల దగ్గరికి వచ్చి నా చేతి మీదుగా వంగి చూశాడు.

"నెల పేరు రాయుండ్రి సార్," అన్నాడు. "అంకె వేయకుండ్రి."