చదునైన వైపు

ఇరవై రెండేళ్లుగా ట్రాన్సిస్టర్ మీద పాఠం చెబుతున్న మాస్టారు, ఒక్కదానికైనా చేత్తో టంకం పెట్టి ఎరుగరని ఆయన భార్యకు కాపురానికొచ్చిన కొత్తలోనే తెలిసింది. ఇంట్లో ఫ్యూజు పోతే ఆయన విద్యుత్తు స్వభావాన్ని వివరించేవారు. ఆవిడ స్టూలెక్కి తీగ మార్చేది. సంసారం ఆ పద్ధతిలో సజావుగానే సాగింది.

చిక్కల్లా అత్తగారి రేడియోతో వచ్చింది. అత్తగారికి చెవి మందగించింది. మధ్యాహ్నం మూడింటికొచ్చే ధారావాహిక నాటకం కోసం రేడియోని దిండులా చెవికింద పెట్టుకుని పడుకునేది. ఒకనాడు మెడ పట్టేసింది.

"గట్టిగా వినబడేది ఇంకోటి తేరాదట్రా?" అంది కొడుకుతో.

"తేవడమెందుకమ్మా! రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు. చిన్న శబ్దాన్ని పెద్దది చేసే ఆంప్లిఫయర్ నేనే కట్టేస్తాను. పాఠం చెప్పినంతసేపు పట్టదు."

"నీ పాఠం ఎంతసేపు పడుతుందో నాకు తెలియదూ!"

మాస్టారు ముందుగా రేడియో విప్పి, తీగలు కత్తిరించి, స్పీకరు ఊడదీశారు. తరువాత భోజనాల బల్ల ఆక్రమించారు. మూడు రోజులు లెక్కలకే సరిపోయాయి. శబ్దం నూట ఇరవై రెట్లు పెరుగుతుందని పాత క్యాలెండరు వెనక తేల్చి, కింద రెండు గీతలు కొట్టారు. ఇంటిల్లిపాదీ కంచాలు ఒళ్లో పెట్టుకుని తిన్నారు. నాలుగో రోజుకి గానీ సోల్డరింగ్ ఐరన్ వేడెక్కలేదు.

ఈలోగా నాటకం నాలుగు భాగాలు దాటిపోయింది. అత్తగారు పోనీలెమ్మనుకుంది. కానీ ఆదివారం వచ్చేది ఆఖరి భాగం. అలిగి వెళ్లిపోయిన చెల్లెలు తిరిగొస్తే అక్క తలుపు తీస్తుందా, తియ్యదా? పద్నాలుగు నెలలుగా అత్తగారు ఆ గడపలోనే కూర్చుని ఉంది. అది మాత్రం వినకుండా ఉండలేదు.

"పోనీ స్పీకరు మళ్లీ రేడియోకే అతికించేద్దామాండీ?" అంది కోడలు శనివారం నాడు.

"లెక్క కుదిరాక వెనక్కి తగ్గమంటావా?" అన్నారు మాస్టారు, స్పీకరుని తనవైపు జరుపుకుంటూ.

ఆదివారం రెండున్నరకి రేడియో ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి ఆంప్లిఫయర్‌కి, అక్కణ్ణుంచి స్పీకరుకి తీగలు కలిపారు. స్విచ్చి నొక్కారు. చీమ తుమ్మినంత శబ్దం వచ్చింది.

అత్తగారు స్పీకరుకి చెవి ఆనించి, తలెత్తి కొడుకుని చూసింది. "తగ్గించే మిషను చేశావు నాయనా. నీ పాఠానికి తగిలించుకో, పిల్లలు సుఖపడతారు."

"పనిచేస్తోందమ్మా. శబ్దం రావడం లేదూ?"

"ఇంతకుముందూ వచ్చేది. దానికితోడు దిండయ్యేది కూడా."

మాస్టారు క్యాలెండరు తిరగేసి గుణకారాలు సరిచూస్తున్నారు. రెండూ ముప్పావు అయింది. కోడలు కళ్లజోడు పెట్టుకుని, ఆంప్లిఫయర్ ముక్కలన్నీ అతికించిన పలక మీదికి వంగింది. టంకం బాగానే ఉంది, కాస్త ఎక్కువైనా. తీగలూ సరిగానే ఉన్నాయి. మొదటి ట్రాన్సిస్టర్ దగ్గర ఆవిడ చూపు ఆగింది. ఒకవైపు చదునుగా, ఒకవైపు గుండ్రంగా ఉన్న చిన్న నల్ల ముక్క. మూడు కాళ్లు.

"ఏమండీ, క్లాసులో దీన్ని ఎలా పట్టుకుని చూపిస్తారు?"

"ఎలాగేమిటి? చదునైన వైపు పిల్లలకి కనబడేలా."

"అప్పుడు మీకు కనబడేది?"

"గుండ్రటి వీపు." మాస్టారు క్యాలెండరు పక్కన పెట్టారు.

"మా కాలేజీలో మా మాస్టారూ అలాగే పట్టుకునేవారు. నేను బల్ల ఇవతల కూర్చుని చదువుకున్నానండీ. నాకు ఈ కాలు ఎడమవైపు ఉన్నట్టు గుర్తు."

ఇరవై రెండేళ్లు బల్ల అవతల నిలబడ్డ మనిషి, పెదాలు కదుపుతూ ఎడమా కుడీ కూడుకున్నారు. చివరికి గొంతు సవరించుకుని, "తిరగబడినా కొంత పనిచేస్తుంది. సిద్ధాంతపరంగా అది కూడా ఆసక్తికరమే," అన్నారు.

"ఆ కొంతే ఇందాక విన్నాం," అంది అత్తగారు. "గడియారం చూడరా!"

కోడలు టంకం కరిగించి, పట్టకారుతో ముక్క పైకి లాగి, సగం చుట్టు తిప్పి మళ్లీ దింపింది. రెండోదాన్నీ అలాగే తిప్పింది. మాస్టారు దీపం పట్టుకున్నారు. మూడు దాటి రెండు నిమిషాలకి గది నిండా వాన కురిసింది. నాటకంలో వాన. వానలో ఎవరో తలుపు తట్టారు.

అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"చూశావా, నూట ఇరవై రెట్లు!" అన్నారు మాస్టారు. "అసలు తిరగబడినప్పుడు ఏం జరుగుతుందంటే..."

అత్తగారు కొడుకు వైపు చూడకుండానే చెయ్యి చాచి రేడియో చక్రం చివరిదాకా తిప్పింది. మాస్టారి పెదవులు కదులుతున్నాయి గానీ మాట వినబడలేదు. గడియ తీసిన చప్పుడు మాత్రం వీధి చివరిదాకా వినిపించింది. అత్తగారు కొంగుతో కళ్లొత్తుకుంది.

"ఏమైంది? తీసిందా?" అన్నారు మాస్టారు, అంతా అయ్యాక.

సోమవారం పొద్దున ఆయన అద్దం ముందు నిలబడి, అదనంగా కొన్న ట్రాన్సిస్టర్‌ని వేళ్ల మధ్య పట్టుకుని పాఠం వల్లె వేస్తున్నారు. చదునైన వైపు తనవైపు తిప్పుకున్నారు.

"ఇక జన్మలో పొరపాటు రాదు," అన్నారు.

"మరి పిల్లలకి వీపు కనబడుతుంది కదండీ?"

"నువ్వూరుకో అమ్మాయ్," అంది అత్తగారు మంచం మీంచి. "వాళ్లు మాత్రం పెళ్లిళ్లు చేసుకోరూ?"