చాటల ముఠా మొదటి వంతు

మా హమాలీ సంఘం ఎన్నికలంటే వరంగల్ ధాన్యం మార్కెట్లో వారం రోజుల సంబరం. బస్తాల పని ఒక్క పూటైనా ఆగకూడదు కాబట్టి రోజుకో ముఠా చొప్పున ఏడు ముఠాలం ఏడు రోజులు ఓటేసేవాళ్ళం. గోనెపట్టా తెర వెనక పోటీదారులకు చెరొక కుండ, మనిషికి ఒక్క చింతగింజ. ఏ రోజు గింజలు ఆ రోజు సాయంత్రమే లెక్కపెట్టి షెడ్డు గోడ మీద సుద్దతో రాసేవారు.

నాది ఒకటో ముఠా. ఎన్నికలు దగ్గరపడగానే అధ్యక్షుడు సాంబయ్య నా భుజం మీద చెయ్యేసి "కట్టన్నా, చాయ్ తాగుదాం పా" అనేవాడు. నేనూ పెద్ద మొనగాడిలా మీసం తిప్పుకునేవాణ్ణి. నా భార్య యాకమ్మది ఏడో ముఠా, అంటే చాటలతో ధాన్యం చెరిగే ఆడవాళ్ళ ముఠా. వాళ్ళ వంతు వచ్చేసరికి గెలిచేదెవరో గోడ మీద తేలిపోయి ఉండేది. వాళ్ళను చాయ్ తాగారా అని అడిగిన పాపాన పోయినవాడు లేడు. అయినా యాకమ్మ ప్రతి ఏడూ కొంగు దులుపుకుని వెళ్ళి గింజ వేసొచ్చేది.

"తేలిపోయినంక నువ్వెందుకే?" అని నేను పకపకా నవ్వేవాణ్ణి.

"నీకు తెల్వదు తియ్" అనేది.

1978 ఎండాకాలంలో ఒకనాడు, యాకమ్మ మా పసిదాన్ని బస్తాల నీడన పడుకోబెట్టి చెరుగుతుంటే, వెనక్కి వస్తున్న లారీ చక్రం పిల్ల తలకు జానెడు దూరంలో ఆగింది. పిల్లల కోసం చాటల దగ్గర ఒక రేకుల షెడ్డు కావాలని ఆ రోజే యాకమ్మ సాంబయ్యను అడిగింది.

"చూద్దాం తియ్ చెల్లే. ముందు ఎలక్షన్లు కానియ్" అన్నాడాయన.

ఆ ఏడు కూడా పోటీకి నిలబడ్డ ఎల్లస్వామినీ అడిగింది. మూడో ముఠా మనిషి, అప్పటికే రెండుసార్లు ఓడాడు. "నేను గెలిచేది ఉత్తమాటే అక్కా. గెలిస్తే మాత్రం మొదటి పని గదే" అన్నాడు. మరి నేనేం చేశాను? సాంబయ్య చాయ్ తాగొచ్చి, ఆయన్ను ఇబ్బంది పెట్టకని పెళ్ళాం మీదే లేచాను. నా మొహానికి సిగ్గుండాలి!

ఓటింగు మొదటి రోజు తెల్లారేసరికి కాజీపేటలో ఎరువుల గూడ్సు వచ్చి నిలబడింది. మగ ముఠాలన్నీ అటు పోవాల్సిందే. బోర్డు మీద ఒకసారి రాసిన ఓటింగు తేదీ మార్చకూడదని సంఘం కట్టుబాటు. సాంబయ్య నవ్వేశాడు.

"దీనికి ఫికరెందుకు? ఒకటో ముఠా వంతు చాటలోళ్ళకియ్యి, వాళ్ళ వంతు ఒకటో ముఠాకియ్యి. ముందు పడితేంది, వెనక పడితేంది? గింజ గింజే గదా!"

లెక్క ప్రకారం ఆయన మాట నిజమే.

సాయంత్రం ఎరువు దుమ్ముతో తిరిగొచ్చి గోడ చూశాం. ఎల్లస్వామి నలభై మూడు. సాంబయ్య సున్న. అబ్బ! సాంబయ్య పేరు పక్కన సున్న ఉండగలదని మాకెవరికీ తెలియదు. అంతమంది మగాళ్ళం నోరు తెరుచుకుని నిలబడిపోయాం.

"అంటే... ఎల్లన్న గెలుస్తడా ఏందిరా?" అన్నారెవరో వెనక నుంచి.

ఆ మాట అంతకుముందు ఏ నోటా రాలేదు. ఓడిపోయేవాడికి గింజ ఎందుకని ఊరుకున్నవాళ్ళంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మర్నాడు రెండో ముఠా సగానికి పైగా ఎల్లస్వామికే వేసింది. సాంబయ్య చాటల దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"షెడ్డు నేనే వేయిస్త చెల్లే! జర మగోళ్ళకు చెప్పుండ్రి!"

"మా వంతు అయిపోయింది సాంబన్నా" అంది యాకమ్మ, చాట ఆపకుండానే.

ఎల్లస్వామిని ఎన్నడూ పూర్తిగా నమ్మని అతని సొంత ముఠా కూడా మూడో రోజు అతని వెనక నిలబడింది. ఐదో రోజుకు అంతా తేలిపోయింది. నలభై మూడు చింతగింజలు మార్కెట్టునే తలకిందులు చేశాయి. నేను రోజూ ఆ గోడ ముందు నిలబడి, మొదటి వరుసనే మళ్ళీ మళ్ళీ చూసేవాణ్ణి.

ఏడో రోజు మా వంతు. చాయ్ లేదు, బీడీ లేదు, "కట్టన్నా" అన్న దిక్కు లేదు. గింజ చేతిలో పట్టుకుని తెర ముందు నిలబడ్డాను. ఇంటికి పోబుద్ధయింది. పసిదాన్ని చంకనేసుకుని యాకమ్మ అక్కడే ఉంది.

"అంతా తేలిపోయిందే. ఇంక నా గింజ ఎందుకు?" అన్నాను.

ఆమె నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"పదకొండేండ్ల సంది నాది గిట్లనే గదయ్యా. ఎవలనో గెలిపిస్తనని వేసిననుకున్నవా? మేం గూడ ఇంతమందిమి ఉన్నమని గోడ మీద పడాలె గదా."

తెర వెనక్కి వెళ్ళి ఎల్లస్వామి కుండలో గింజ వేశాను. టక్కుమంది. ఆ చప్పుడు నా భార్య పదకొండేళ్ళు ఒక్కతే విని ఇంటికొచ్చిందని, నేను ఎదురుగా కూర్చుని నవ్వానని అప్పుడు తట్టింది. కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

"వేసినవా?" అంది బయటికి రాగానే.

తలూపాను. పిల్లను నా చేతిలో పెట్టి తన చాట అందుకుంది.